దేవుడు పలకనట్టు అనిపించే కాలం: ఎండిపోయిన ప్రార్థన వెనక ఏముంటుంది?

కొత్తగా రక్షణ పొందిన రోజుల్లో బైబిలు తెరిస్తే ప్రతి వచనం తన కోసమే రాసినట్టు ఉంటుంది. మోకరిస్తే కన్నీళ్లు వాటంతటవే వస్తాయి. కొన్నేళ్లు గడుస్తాయి. మనిషి అదే, బైబిలు అదే, మోకరించే చాప కూడా అదే. లోపల మాత్రం ఏమీ కదలదు. ప్రార్థన పైకప్పు దాటడం లేదనిపిస్తుంది. ఈలోగా ఇంట్లో ఎవరికో జబ్బు చేయడమో, అప్పులు మీద పడటమో, ఉద్యోగం పోవడమో జరిగితే ఇక చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా అవసరమైన సమయంలోనే దేవుడు కనబడకుండా పోయాడన్న బాధ కూడా వచ్చి కూర్చుంటుంది.

ఈ మాట ధైర్యం చేసి ఎవరితోనైనా చెప్పుకుంటే మన సంఘాల్లో సాధారణంగా వినిపించే జవాబులు రెండు. "ఎక్కడో పాపం దాచుకున్నావు, ఒప్పుకో" అనేది ఒకటి. "విశ్వాసం చాలడం లేదు, ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యి" అనేది రెండోది. కొందరి విషయంలో ఈ రెండూ నిజం కావచ్చు. కానీ ఏ జ్వరమో చూడకుండా వచ్చినవాళ్లందరికీ ఒకటే మాత్ర రాసిస్తే ఎలా? ఈ ఎండుదనానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిని విడదీసి చూడకుండా "దేవుణ్ణి నమ్ముకో" అని ఊరుకుంటే, ఇప్పటికే కుంగినవాడి నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే అవుతుంది. విడదీసి చూసే పనిని నాలుగైదు వందల ఏళ్ల కిందటే ఓపిగ్గా చేసినవాళ్లున్నారు.

సిలువ యోహాను చెప్పిన మూడు గుర్తులు

కథోలికులు పునీతుడిగా గౌరవించే సిలువ యోహాను పేరు మన ప్రొటెస్టెంటు సంఘాల్లో పెద్దగా వినపడదు. 1542లో స్పెయిన్‌లో పుట్టాడు, కార్మెల్ సభ అనే కథోలిక సన్యాసుల సంఘంలో సన్యాసి. అదే సభకు చెందిన సన్యాసిని అవిలా తెరెసాతో కలిసి తమ సభను సంస్కరించే పనికి పూనుకున్నాడని తోటి సన్యాసులే 1577 డిసెంబరులో ఆయన్ని పట్టుకెళ్లి తొలేదో పట్టణంలోని మఠంలో బంధించారు. మనిషి పడుకోవడానికి సరిపోయేంత గది. గోడ పైభాగంలో ఉన్న సన్నని సందులోంచి వచ్చేదే వెలుతురు. పైగా కొరడా దెబ్బలు. దాదాపు తొమ్మిది నెలల తర్వాత, 1578 ఆగస్టులో తప్పించుకున్నాడు. ప్రభువు మీద ప్రేమగీతాల్లో కొన్ని ఆ గదిలో ఉండగానే అల్లుకున్నాడు. బయటికి వచ్చాక ఆత్మ నడిచే చీకటి రాత్రి గురించి ఒక కవిత, దానికి వివరణ రాశాడు.

ఆ వివరణ చదివితే కవికన్నా వైద్యుడే ఎక్కువ కనిపిస్తాడు. ప్రార్థన ఎండిపోయిందని వచ్చినవాడిలో మూడు గుర్తులు వెతకమంటాడు.

మొదటిది: దేవుని సంగతుల్లో రుచి పోయింది సరే, మిగతావాటిలో రుచి ఉందా? ప్రార్థన చేదై, డబ్బు, కబుర్లు, కొత్త సరదాలు తియ్యగా ఉంటే మనసు ఎటో మళ్లిందని అర్థం. దానికి చేయాల్సింది వేరు. దేవుని దగ్గరా తృప్తి లేదు, లోకంలోనూ తృప్తి లేదు అన్న స్థితి ఉంటేనే ఇక్కడ జరుగుతున్నది ఇంకేదో అని అనుమానించాలి. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసి, పొద్దున ప్రార్థనలో నిద్రొస్తుంటే "నాకు చీకటి రాత్రి నడుస్తోంది" అనుకునేవాళ్లకు ఈ ఒక్క ప్రశ్న చాలు.

రెండోది: ఆ లోటు నొప్పి పెడుతోందా? నేను దేవునికి దూరమైపోతున్నానేమో, ఆయన సేవలో వెనకబడిపోతున్నానేమో అనే దిగులు లోపల తొలుస్తోందా? నిజంగా చల్లారిపోయినవాడికి ఆ దిగులు ఉండదు. ఆదివారం ఆరాధన మానేసినా మధ్యాహ్నం బిర్యానీ వాడికి బాగానే రుచిస్తుంది.

మూడోది: మునుపటిలా ధ్యానం చేయాలని ఎంత ప్రయత్నించినా కుదరకపోవడం. ఒక వచనం తీసుకుని, దాని చుట్టూ ఆలోచనలు అల్లుకుని, ఆ ఆలోచనల వేడిలో ప్రార్థించే అలవాటు ఇప్పుడు పనిచేయదు.

ఈ మూడూ కలిసి కనిపిస్తే అది వెనక్కి పోవడం కాదు, ఒక దశ నుంచి ఇంకో దశకు మారడం అంటాడు యోహాను. ఇక్కడ ఆయన చెప్పిన ఉపమానం మన ఊళ్ల తల్లులకు కొత్తేమీ కాదు. బిడ్డ పెరిగాక తల్లి తన రొమ్ముకు చేదు కలబంద రసం రాసుకుని పాలు మాన్పిస్తుంది, చంకలోంచి దించి నడిపిస్తుంది. మన దగ్గర వేపాకు రాస్తారు, అంతే తేడా. బిడ్డకు ఆ క్షణంలో తల్లి మారిపోయినట్టే ఉంటుంది.

ఈ మూడింటిలో ఎక్కువ పని చేసేది రెండో గుర్తే అని నా అభిప్రాయం. దేవుడు దూరమయ్యాడని ఏడుస్తున్న మనిషిని పట్టుకుని "నువ్వు దేవుణ్ణి వదిలేశావు" అనడం ఎంత పొరపాటో అది చూపిస్తుంది. వదిలేసినవాడు ఏడవడు కదా. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ఎండుదనంతో పాటు మానసికమైన కుంగుబాటు కూడా కలిసి ఉండొచ్చని యోహాను ఆ కాలంలోనే గుర్తించాడు. ఆ విషయానికి తర్వాత వస్తాను.

మదర్ థెరిసా లేఖలు

మన కాలానికి దగ్గరగా, కాగితం మీద ఆధారాలతో సహా దొరికే ఉదాహరణ మదర్ థెరిసాది. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైల్లో ఆమెకు పేదల్లోకెల్లా పేదల దగ్గరికి వెళ్లమనే పిలుపు స్పష్టంగా వినిపించింది. ఆ నెలల్లో ఆమె ప్రార్థనా జీవితం నిండుగా ఉంది. 1950 అక్టోబరు 7న కలకత్తాలో మిషనరీస్ ఆఫ్ ఛారిటీ అధికారికంగా మొదలైంది. సరిగ్గా ఆ రోజుల నుంచే లోపలి వెలుగు ఆగిపోయింది. 1958లో పోప్ పన్నెండవ పయస్ చనిపోయాక ఆయన కోసం చేసిన పూజలో ఆ చీకటి ఒక్కసారిగా తొలగినట్టయింది. కొన్ని వారాలకే మళ్లీ కమ్ముకుంది. 1997లో ఆమె చనిపోయేదాకా, అంటే దాదాపు యాభై ఏళ్లు, ఆమె నడక చాలామటుకు అందులోనే సాగింది.

తెల్లవారుజామునే లేచి ప్రార్థన, తర్వాత రోడ్ల మీద చనిపోతున్నవాళ్ల సేవ, ముఖాన నవ్వు. పక్కనున్న సిస్టర్లకు కూడా ఈ సంగతి తెలియదు. తన ఆత్మీయ సలహాదారులకు, ఆర్చిబిషప్‌కు రాసిన ఉత్తరాల్లో మాత్రం దాచలేదు. వాటిని తగలబెట్టమని అడిగింది కూడా. ఆ కోరిక నెరవేరలేదు, 2007లో అవి పుస్తకంగా వచ్చాయి.

అప్పుడు చాలామంది విమర్శకులు అన్నది ఒకటే: ఆమెకు లోపల నమ్మకం లేదు, బయటికి నటించింది. ఆ ఉత్తరాలు చదివితే ఈ మాట ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. దేవుడు నన్ను వద్దనుకుంటున్నాడు, దేవుడు దేవుడే కాదేమో, అసలు లేనే లేడేమో అనిపించేంత బాధ లోపల ఉందని 1959లో రాసింది. ఇంతకన్నా ఘాటుగా ఏ నాస్తికుడు రాస్తాడు? అయితే విమర్శకులు దాటేసిన సంగతి ఒకటుంది. ఆ ఉత్తరం ఆమె రాసింది యేసుకే. "నా యేసూ" అని మొదలుపెట్టి, నువ్వు లేవేమో అనిపిస్తోందని ఆయనకే చెప్పుకుంది. మధ్యలో క్షమించమని కూడా ఆయన్నే అడిగింది. లేనివాడికి ఎవరూ ఉత్తరం రాయరు, లేడేమో అన్న అనుమానానికి క్షమాపణ అంతకన్నా అడగరు.

1961లో జోసెఫ్ నాయ్నర్ అనే యేసు సభ (జెసూట్) గురువుతో ఆమె ఈ విషయం మాట్లాడింది. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: దీనికి మనుషులిచ్చే మందు లేదు, కాబట్టి ఇది నీ తప్పు వల్ల వచ్చిందని బాధపడకు. యేసు ఉన్నాడని మనసుకు తెలియడం ఒక్కటే ఆయన ఉన్నాడనడానికి రుజువు కాదు. దేవుని కోసం నీలో ఉన్న ఈ దాహమే ఆయన నీలో ఉన్నాడనడానికి గుర్తు. నువ్వు సేవ చేస్తున్నవాళ్లు అనుభవించే ఒంటరితనంలో నీకు కూడా వాటా దొరికింది. దీనికి జవాబుగా ఆమె, పదకొండేళ్లలో మొదటిసారి ఈ చీకటిని ప్రేమించగలుగుతున్నానని రాసింది. చీకటి అలాగే ఉంది. 1979లో, నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి కొన్ని నెలల ముందు, చూస్తే కనబడడు, వింటే వినబడడు అని ఇంకో గురువుకు రాసింది. మారింది ఆమె దాన్ని మోసిన తీరు.

ఈ కథను అందరికీ కొలబద్దగా పెట్టడం నాకిష్టం లేదు. "మదర్ థెరిసా యాభై ఏళ్లు ఓర్చుకుంది, నువ్వు ఆరు నెలలు ఓర్చుకోలేవా?" అనడానికి దీన్ని వాడుకుంటే దాని అసలు ఉపయోగం పోతుంది. ఆమె అంతకాలం నిలబడటంలో ఉత్తరాలు చదివి, తీర్పు తీర్చకుండా జవాబిచ్చిన నలుగురైదుగురి పాత్ర చాలా ఉంది. మనలో ఎంతమందికి అలాంటి ఒక్కరైనా ఉన్నారు?

బైబిల్లో ఉన్న ఫిర్యాదులు

ఇదంతా కథోలిక సన్యాసుల గోల, మనకు వాక్యం చాలు అనుకునేవాళ్లకు వాక్యమే ఇంకా ఘాటుగా ఉంటుంది. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలు, ఫిర్యాదులే. 13వ కీర్తన దేవుణ్ణి ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని నిలదీస్తూ మొదలవుతుంది. 42వ కీర్తనలో "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని తనను తానే అడుగుతాడు, జవాబు చెప్పుకుంటాడు, మళ్లీ కొన్ని వచనాల తర్వాత అదే ప్రశ్న. ఒక్కసారి సర్దిచెప్పుకుంటే దిగులు పోదని ఆ కవికి తెలుసు.

వీటిలో చాలా కీర్తనలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దేవాలయంలో పాడుకునే పాటల్లో దీన్ని కూడా చేర్చినవాళ్లకు, ప్రతి ప్రార్థనా వెలుగులో ముగియాల్సిన పనిలేదని తెలిసే ఉండాలి. మన ఇళ్ల గోడల మీద వాగ్దాన వచనాల కేలండర్లు ఉంటాయి, కొత్త సంవత్సరం రాత్రి తీసుకునే వాగ్దాన కార్డులు ఉంటాయి. ఆ వచనం ఒక్క కార్డు మీద కూడా నాకెప్పుడూ కనబడలేదు. హబక్కూకు విషయంలోనూ ఇంతే. "అంజూరపు చెట్లు పూయకుండినను" అనే చివరి స్తోత్రం అందరికీ నోటికి వచ్చు. ఆ గ్రంథం మొదలైంది, నేను మొర్రపెడుతుంటే ఎన్నాళ్లు వినకుండా ఉంటావని దేవుణ్ణి అడగడంతో. ఆ పోట్లాట లేకుండా ఆ స్తోత్రం ఊరికే రాలేదు.

యోబు స్నేహితులు మూడు విడతలుగా దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించారు. వాళ్ల మాటల్లో చాలావాటిని ప్రసంగాల్లో ఈ రోజుకీ వింటుంటాం. చివర్లో దేవుడు, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని వాళ్లమీద కోప్పడ్డాడు. అంతసేపూ దేవుణ్ణి ప్రశ్నించినవాడు యోబు. దేవుణ్ణి సమర్థించినవాళ్లు వీళ్లు.

అంటే, నమ్మడం అనే పనిలో ఫిర్యాదు చేయడం కూడా ఒక భాగమే. ముఖం చాటేసి వెళ్లిపోవడానికి, ఎదురుగా నిలబడి ఎందుకు అని అడగడానికి చాలా తేడా ఉంది. యెషయా 50:10లో ఇంకా సూటిగా ఉంది: "వెలుగులేకయే చీకటిలో నడచువాడు యెహోవా నామమును ఆశ్రయించి తన దేవుని నమ్ముకొనవలెను." ఈ మాట చెప్తున్నది దారి తప్పినవాళ్లకు కాదు. అదే వచనం మొదట్లో, యెహోవాకు భయపడి ఆయన సేవకుని మాట వినేవాళ్లను పిలిచి మరీ చెప్తున్నాడు. వినేవాళ్లకు కూడా వెలుగు లేని నడక ఉంటుందన్నమాట.

ఏలీయాకు ముందు దొరికింది రొట్టె

కర్మెలు పర్వతం మీద అంత పెద్ద విజయం తర్వాత యెజెబెలు బెదిరింపు విని ఏలీయా ఎడారిలోకి పారిపోయాడు. బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ఆయన్ని గద్దించలేదు, వాగ్దానాలు గుర్తుచేయలేదు. పడుకున్నవాణ్ణి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అని. హోరేబులో దేవుడు నెమ్మదైన స్వరంతో మాట్లాడటం అన్నది ఆ తర్వాత, నలభై రోజులు నడిచాక జరిగిన సంగతి.

శరీరం అలసిపోతే ఆత్మ కూడా ఎండినట్టే అనిపిస్తుంది. నైట్ షిఫ్టులు చేసేవాళ్లు, పసిపిల్లల తల్లులు, మంచం పట్టిన పెద్దవాళ్లకు రాత్రింబవళ్లు చాకిరీ చేసేవాళ్లు ప్రార్థనలో మనసు నిలవడం లేదంటే, ముందు అడగాల్సింది ఎన్ని గంటలు నిద్రపోతున్నారని.

ఇక డిప్రెషన్. నిద్ర, ఆకలి తేడా వచ్చి, ఏ పనీ చేయబుద్ధి కాక, బతకడం దండగ అనే ఆలోచనలు రెండు వారాలకు మించి వదలకపోతే అది వైద్యం అవసరమైన పరిస్థితి. సిలువ యోహాను చెప్పిన మొదటి గుర్తు, అంటే దేనిలోనూ రుచి లేకపోవడం, దీనిలోనూ ఉంటుంది. అందుకే రెండింటినీ ఒకటనుకునే ప్రమాదం ఉంది, కొన్నిసార్లు రెండూ ఒకే మనిషిలో ఉంటాయి కూడా. మన తెలుగు క్రైస్తవులు బాగా ఇష్టపడే ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ జీవితమంతా ఈ కుంగుబాటుతో బాధపడ్డాడు. 1856 అక్టోబరులో లండన్‌లో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో నిప్పు అని అరవడంతో తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. కారణం తెలియకుండా కమ్మే కుంగుబాటుతో వాదించి ప్రయోజనం లేదని తర్వాతి రోజుల్లో తన విద్యార్థులకు దాచకుండా చెప్పాడు. మందులు వాడటం విశ్వాసం లేకపోవడం అని ఎవరైనా అంటే వాళ్లు బీపీ మాత్ర వేసుకుంటున్నారేమో ఒకసారి అడగండి. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ రోజుల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

యేసు సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ ఈ విషయంలో ఇచ్చిన సలహా ఇప్పటికీ పనికొస్తుంది: ఎండుదనంలో ఉన్నప్పుడు పాత తీర్మానాలు మార్చొద్దు. వెలుగు ఉన్న రోజుల్లో ఆలోచించి తీసుకున్న నిర్ణయాన్ని, వెలుగు లేని రోజున తిరగరాయొద్దు. సేవ మానేయడం, సంఘం మారిపోవడం, బైబిలు మూసేయడం లాంటివి ఆ సమయంలోనే చాలా తెలివైన పనుల్లా కనిపిస్తాయి. ఇంకో మాట కూడా అన్నాడు: ప్రార్థన మానేయాలనిపించినప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు ఉండు. తన మీద తనకు గెలుపు వచ్చేది ఆ కాస్తలోనే అని.

అయితే ఈ సూత్రానికి హద్దు ఉంది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికో, సంఘం పెద్దల చేతిలో వేధింపులు పడుతున్నవాళ్లకో దీన్ని చూపించి "ఇప్పుడు నిర్ణయాలు తీసుకోకు, ఓర్చుకో" అనకూడదు. ఇగ్నేషియస్ మాట్లాడింది దేవునితో పెట్టుకున్న తీర్మానాల గురించి, ప్రమాదం నుంచి బయటపడటం గురించి కాదు.

సొంత మాటలు రాకపోతే అరువు మాటలతో ప్రార్థించొచ్చు. ఒక కీర్తన పైకి చదివి ఆమేన్ అంటే అది ప్రార్థనే. ఏమీ అనిపించకపోయినా సరే.

ఒంగోలు కొండ మీద

మన నేల మీదే జరిగిన ఒక సంగతిని ఇలాంటి ఎండిన కాలానికి ఉదాహరణగా తరచూ చెప్తుంటారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టి నెల్లూరులో స్థిరపడింది. ఏళ్ల తరబడి ఫలితం అంతంతమాత్రం. మూసేద్దామన్న చర్చ ఒకటికి మూడుసార్లు వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వాళ్లతో పాటు నర్సు అనే పేరున్న ఒకాయన, జూలియా, రూతు కలిసి ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ ఎక్కి ఆ ఊరి కోసం ప్రార్థించారు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ కథను మనం కొండ మీద నుంచి ఒక్క అంగలో నది ఒడ్డుకు దూకించి చెప్తాం. మధ్యలో ఉన్నవి 24 ఏళ్లు. కొండ దిగి ఇంటికెళ్లిన రూతుకు, జూలియాకు 1878 సంగతి తెలియదు. మర్నాడు వాళ్ల ఊళ్లో ఏ మార్పూ లేదు. పైగా ఆ చివరి రెండేళ్లలో 1876–78 కరువు ఉంది. జనం ఆకలితో చచ్చిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సంఖ్యను దేవుని జవాబు అని చెప్పేటప్పుడు ఆ కరువులో పోయినవాళ్లను లెక్కలోంచి తీసేయడం నాకు మింగుడు పడదు. ఆ కొండను నమ్మకానికి ఉదాహరణగా చెప్పాలనుకుంటే 1855ను చెప్పాలి, 1860ను చెప్పాలి. ఏమీ జరగని సంవత్సరాలను.

మన సాక్ష్యాల సమయంలో లేనిది ఆ సంవత్సరాలే. జబ్బు తగ్గాక, వీసా వచ్చాక, సంతానం కలిగాక మైకు ఇస్తాం. ఇంకా తగ్గనివాళ్లు, ఇంకా రానివాళ్లు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి, తమలోనే ఏదో లోపం ఉందనుకుంటూ ఇంటికెళ్తారు. ఈ పద్ధతి కొంచెం మార్చడం పెద్ద కష్టమేమీ కాదు. "మా అబ్బాయికి ఇంకా తగ్గలేదు. నాకు ప్రార్థన కూడా రావడం లేదు. మీరు చేయండి" అని ఒక తల్లి నిలబడి చెప్పే వీలు ఉండాలి. ఆమె కూర్చోగానే ఎవరూ లేచి వచనం చెప్పకూడదు. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే.